అత్తయ్యగారి బిస్కట్టు

మన ఇళ్ళల్లో బిస్కట్టుకి ఒక చిత్రమైన హోదా ఉంది. అది అన్నం కాదు, పలహారం కాదు, మిఠాయి అంతకంటే కాదు. పెళ్ళి విస్తట్లో దానికి చోటు లేదు. తద్దినం నాడు దాని పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. అయినా సాయంత్రం నాలుగు కొట్టేసరికి కాఫీ గ్లాసు పక్కన అది కనిపించకపోతే ఏదో వెలితి. చుట్టం వస్తే పళ్ళెంలో నాలుగు, పసివాడు ఏడిస్తే చేతిలో ఒకటి, జ్వరం తగ్గి లేచి కూర్చున్నవాడికి పాలల్లో ముంచి రెండు. ఇంటికి ఎవరొచ్చినా, ఎవరెళ్ళినా అటక మీది డబ్బా కిందికి దిగవలసిందే. కడుపు నింపే వస్తువు కాదు గనుకనే కాబోలు, దాన్ని అందరితో కలిసి తినడంలో ఉన్న రుచి ఒక్కరే తినడంలో లేదు.

ఈ మాట మా అత్తయ్యగారి వల్ల నాకు బాగా తెలిసొచ్చింది. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట రక్తపరీక్షలో షుగరు ఉందని తేలింది. డాక్టరుగారు చెప్పవలసినవన్నీ నెమ్మదిగా చెప్పారు: తీపి తగ్గించాలి, మైదా సరుకులు తగ్గించాలి, అన్నం కొలత చూసుకోవాలి, సాయంత్రం కాసేపు నడవాలి. అత్తయ్య అన్నిటికీ తల ఊపింది. అన్నం తగ్గించింది. కాఫీలో పంచదార మానేసింది. మైపాడు రోడ్డు మీద, రొయ్యల గుంటల దాకా, చేతికర్ర పట్టుకొని నడిచి వస్తోంది కూడాను. ఆవిడకి కష్టం కలిగించినవి ఇవేవీ కావు.

మావారు తల్లి మీది ప్రేమకొద్దీ నెల్లూరు నుంచి ప్రత్యేకంగా ఒక బిస్కట్ల పెట్టె పట్టుకొచ్చారు. పైన షుగరు ఉన్నవాళ్ళకని రాసి ఉంది. ఖరీదు కూడా ఘనంగానే ఉంది. దాన్ని వేరే డబ్బాలో పోసి, అత్తయ్య మంచం పక్కన అల్మారాలో పెట్టారు. సాయంత్రం పిల్లలు ఎప్పటిలాగే వాళ్ళ డబ్బా తెచ్చుకొని నాయనమ్మ చుట్టూ చేరారు. అత్తయ్య తన డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది.

"ఏందబ్బాయ్, నాకొక డబ్బా, మీకొక డబ్బానా? ఇంక నా కంచం గూడా యాడన్నా ఎడంగా పెట్టండి" అంది.

కోపంగా కాదు, నవ్వుతూనే అంది. కాని ఆ తరవాత నాలుగు రోజులపాటు ఆవిడ కాఫీ వేళకి బయటికి రాలేదు. గదిలోకే తెప్పించుకుంది. జబ్బు వచ్చిందని బాధపడని మనిషి, పంక్తిలోంచి లేపేశారన్నట్టు బాధపడింది. మావారి ఉద్దేశం మంచిదే. అయితే వయసు మళ్ళినవాళ్ళకి మనం చేసే ఉపకారాల్లో సగం వాళ్ళని పక్కన కూర్చోబెట్టడంతో ముగుస్తాయి. దాన్ని మనం జాగ్రత్త అంటాం.

అందుకని నాకొక ఆలోచన కలిగింది. ఇంటిల్లిపాదీ తినదగిన బిస్కట్టు, ఒకే డబ్బాలో ఉండేది, ఇంట్లోనే చెయ్యగూడదా? మైదా మాని, రోజూ చపాతీలకి వాడే గోధుమపిండితోనే చేస్తే?

చెయ్యవచ్చు. ఏడాదిగా చేస్తున్నాను. దాని సంగతులు కొన్ని మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ముందు మైదాకీ గోధుమపిండికీ తేడా చూద్దాం. రెండూ ఒక్క గింజలోంచి వచ్చినవే. గోధుమ గింజలో మూడు భాగాలున్నాయి. పైన పొట్టు, తూకంలో సుమారు నూటికి 14 వంతులు. ఒక కొనలో మొలక, నూటికి 2, 3 వంతులు. మిగిలినదంతా తెల్లటి పిండి. గింజ మొత్తాన్నీ విసిరితే గోధుమపిండి. పొట్టునీ మొలకనీ తీసేసి, లోపలి తెల్లభాగాన్ని మాత్రం మెత్తగా ఆడిస్తే మైదా. మైదా ఏదో కర్రపెండలంలోంచి తీస్తారనీ, దాన్లో విషం కలుస్తుందనీ చెప్పుకొనేవాళ్ళున్నారు. అది అన్యాయం. మైదాలో కలిసినదాని కన్న, అందులోంచి పోయినదే ఎక్కువ.

పోయినదెంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆహారపదార్థాలన్నిటినీ పరీక్షించి 2017లో పట్టికలు ప్రకటించింది. వాటి ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాములకు పైగా ఉంటే, మైదాలో 3 గ్రాములైనా లేదు. ఇనుము గోధుమపిండిలో 4 మిల్లీగ్రాములుంటే మైదాలో 2 కూడా లేదు. మాంసకృత్తులు మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానమే, పదీ పదిన్నర గ్రాములు. అంటే మైదాలో బలమే లేదనుకోవడం పొరపాటు. పీచూ, లవణాలూ, కొన్ని విటమిన్లూ పొట్టుతోపాటు వెళ్ళిపోతాయి.

ఈ లెక్కలు నేను చదివి వినిపిస్తే అత్తయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇది దంపుడు బియ్యం కతే గదమ్మా" అని తేల్చేసింది.

నిజమే. నెల్లూరు అంటేనే వరి. ఊరి పేరులోనే నెల్లు ఉన్నదని చెబుతారు. మా మొలగొలుకుల అన్నం తిన్నవాళ్ళు ఇంకో బియ్యాన్ని బియ్యమనరని మా వాళ్ళ గర్వం. అత్తయ్య చిన్నతనంలో అల్లూరు దగ్గర వాళ్ళ పుట్టింట్లో రోలు మీద కుందెన పెట్టి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి వడ్లు దంచేవాళ్ళట. ఆ బియ్యం కాస్త ఎర్రగా, గింజకి తవుడు అంటుకొని ఉండేది. తరవాత ఊళ్ళోకి మర వచ్చింది. మల్లెపువ్వులాంటి బియ్యం వచ్చింది. ఆడవాళ్ళ రెక్కల కష్టం తగ్గింది, దాన్ని తక్కువ చెయ్యకూడదు. కాని తవుడంతా గేదెల కుడితి తొట్టిలోకి పోయింది. "మా నాయన అనేవాడు, ఇంక మన బర్రెలు మనకంటే బాగా తింటాయని" అని అత్తయ్య చెబుతుంది.

ఆ మాట ఉత్త వేళాకోళం కాదు. మర బియ్యం వచ్చిన తరవాత బెరిబెరి అనే జబ్బు మన తీరంలో ఎందరినో పీడించింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, ఒళ్ళు ఉబ్బడం, గుండె నీరసించడం దాని లక్షణాలు. పూర్వపు మద్రాసు రాజధానిలో అది పాతుకుపోయిన చోటు మన ఉత్తర సర్కారు జిల్లాలే. అదే రాజధానిలో ఉప్పుడు బియ్యం తినే అరవ జిల్లాల్లో ఆ బాధ అంతగా లేదు. కారణం తరవాత తెలిసింది. బియ్యపు గింజ పైపొరలోనూ మొలకలోనూ ఉండే బి1 విటమిను మరలో తవుడుతోపాటు పోతుంది. వడ్లను ముందు ఉడికించి ఆరబెడితే ఆ విటమిను గింజ లోపలికి దిగి నిలుస్తుంది. ఈ జబ్బుని పరిశోధించడానికే 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే దొర ఒక్క గదిలో చిన్న విచారణశాఖ మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేను పైన చెప్పిన పట్టికలు ప్రకటించిన సంస్థ అదే. మన తీరపు అన్నం గిన్నెలోంచి పుట్టిన ప్రశ్న దాని పునాదుల్లో ఉందన్న మాట.

గోధుమ మాత్రం మాకు చుట్టపు ధాన్యమే. ఈ తీరంలో అది పండదు. వెనకటి ఇళ్ళల్లో గోధుమలు కనిపించేది రెండు సందర్భాల్లో. ఒకటి, నవగ్రహ పూజకి: బియ్యం చంద్రుడికి, గోధుమలు సూర్యుడికి. రెండోది, జ్వరపడ్డవాళ్ళకి గోధుమరవ్వ జావ. మిగతా రోజుల్లో దాని ఊసే లేదు. 1956లో అమెరికాతో ఒప్పందం కుదిరాక ఆ దేశపు గోధుమలు ఓడల్లో రావడం మొదలైంది. 1965లోనూ 1966లోనూ వానలు లేక పంటలు పోయాయి. 1966 ఒక్క ఏడాదిలోనే మన దేశం కోటి టన్నులకు పైగా తిండిగింజలు దిగుమతి చేసుకుంది. అప్పుడు అత్తయ్యకి పదిహేనేళ్ళు. చవకదుకాణంలో బియ్యానికి బదులు గోధుమలు పోస్తే, ఇంటికి తెచ్చి ఏం చెయ్యాలో తెలియక వాళ్ళమ్మ వాటిని నానబెట్టి, రుబ్బి, దోసెలు పోసిందట. "సాగి సాగి చచ్చినాయి. నమిలే లోపల దవడలు నొప్పులు" అని అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

అలా కరువుకాలంలో అయిష్టంగా వచ్చిన గోధుమ మెల్లిగా రాత్రిపూట చపాతీ అయింది, టిఫిను పూరీ అయింది, ఉప్మా అయింది. అయితే తీపి సరుకులకొచ్చేసరికి పెద్దపీట మైదాదే. నెల్లూరు మలై కాజా మైదా, హైదరాబాదు ఉస్మానియా బిస్కట్టు మైదా, సందు చివరి బేకరీలోని బిస్కట్లన్నీ మైదా. పొట్టుతో ఉన్న గోధుమ తీపికి పనికిరాదనే భావం ఎలాగో మనలో నాటుకుపోయింది. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం తిన్నవాళ్ళెవరూ ఆ మాట అనకూడదు. ఎర్ర గోధుమరవ్వతో చేసిన ఆ ప్రసాదాన్ని ఆకులో పెట్టి ఇస్తే, ఆకుకి అంటినది కూడా వేలితో తీసుకొని తింటాం.

పొట్టు మీద ఈ పంచాయితీ మనకొక్కళ్ళకే కాదు, లోకమంతటా ఉన్నదే. అమెరికాలో సిల్వెస్టర్ గ్రాహం అనే మతబోధకుడు రొట్టె గురించి 1837లో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. పొట్టు తీసిన పిండి తినడం తప్పని ఊరూరా తిరిగి చెప్పాడు. ఆయన పేరు ఈనాటికీ అక్కడ ఒకరకం గోధుమ బిస్కట్టుకి నిలిచిపోయింది. ఆయన చూస్తే ఆ బిస్కట్టులోని పంచదారకి మూర్ఛపోయేవాడు, అది వేరే సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఉక్కు రోలర్ల మరలు వచ్చి, తెల్లపిండి అందరికీ చవకయింది. అంతవరకూ తెల్లరొట్టె దొరల సొత్తు. యుద్ధకాలంలో, 1942లో, ఇంగ్లండు ప్రభుత్వం గోధుమలు కలిసివస్తాయని గింజలో నూటికి 85 వంతుల దాకా పిండిలోనే ఉంచి ఒక మట్టిరంగు రొట్టెని ప్రజలందరికీ పెట్టింది. జనం దాన్ని తిట్టుకుంటూనే తిన్నారు. మళ్ళీ తెల్లరొట్టె దొరకగానే సంబరంగా దాన్ని వదిలేశారు. తెలుపు మీది మోజుకి దేశాల భేదం లేదు.

ఇక వంటింట్లోకి వెళ్దాం.

మైదా బిస్కట్ల కొలత తీసుకొని, మైదా స్థానంలో గోధుమపిండి పోసి, మిగిలినదంతా యథాతథంగా చేస్తే వచ్చేది బిస్కట్టు కాదు, గులకరాయి. తప్పు పిండిది కాదు. గోధుమపిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. పొట్టు నెమ్మదిగా నానే వస్తువు. దానికి తోడు తిరగలిరాళ్ళ మరలో గట్టిగా నలిగిన పిండి ఇంకాస్త తడి పీల్చుకుంటుంది. కలిపిన వెంటనే కాలిస్తే, ఆ పొట్టు పొయ్యి మీదకి వెళ్ళాక చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది. బిస్కట్టు ఎండిపోయి పంటికింద ఇసుకలా తగులుతుంది. అంచేత మొదటి సూత్రం: పాలు రెండు చెంచాలు ఎక్కువ పోయాలి. రెండో సూత్రం: కలిపిన పిండిని అరగంట మూతపెట్టి వదిలెయ్యాలి. ఈ రెండో దానికి ఖర్చు లేదు గనుక చాలామంది లక్ష్యపెట్టరు. అసలు కిటుకు అక్కడే ఉంది.

మూడోది పిసకడం. చపాతీ పిండిని ఎంత మర్దిస్తే అంత మంచిది, ఎందుకంటే గోధుమలో ఉన్న జిగురు సాగి పొరగా ఏర్పడాలి. బిస్కట్టుకి ఆ జిగురే శత్రువు. అది సాగిందా, బిస్కట్టు గట్టిపడిపోతుంది. కాబట్టి తడి తగలకముందే నెయ్యిని పిండికి బాగా పట్టించాలి. పిండి రేణువు చుట్టూ నెయ్యి పట్టితే నీళ్ళు తొందరగా లోపలికి పోవు, జిగురు సాగదు. ఇది మన ఇల్లాళ్ళకి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. జంతికలు గుల్లగా రావాలని పిండిలో కాచిన నెయ్యి పోసి కలపమూ? అదే ఇది.

మా ఇంటి కొలత చెబుతాను. గోధుమపిండి పావుకిలో, పేరిన నెయ్యి 125 గ్రాములు, మెత్తగా కొట్టి జల్లించిన బెల్లం పొడి 100 గ్రాములు, బేకింగ్ పౌడరు ముప్పావు చెంచా, ఏలకుల పొడి కొంచెం, ఇస్కపల్లి ఉప్పు చిటికెడు. ఉప్పు మాత్రం మానవద్దు. పొట్టులో సన్నటి చేదు ఉంటుంది, దాన్ని ఉప్పే అణుస్తుంది. పంచదార కన్న బెల్లం ఈ పిండికి బాగా జతపడుతుంది, రెండింటికీ మట్టివాసన ఉన్నందువల్ల కాబోలు. నెయ్యీ బెల్లం చేత్తో బాగా నలిపి, పిండీ బేకింగ్ పౌడరూ కలిపి, పొడిపొడిగా రవ్వలా అయ్యేదాకా వేళ్ళతో రుద్దాలి. తరవాత పాలు నాలుగైదు పెద్ద చెంచాలు చిలకరించి, ముద్ద అయీ కానట్టుగా దగ్గరికి తియ్యాలి. అరగంట తరవాత పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, అరచేత్తో అణిచి, పళ్ళెంలో ఎడంఎడంగా పేర్చాలి. ఈ కొలతకి సుమారు 40 వస్తాయి.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల వేడిలో పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. లేకపోతే విచారించనక్కరలేదు. మందపాటి పాత గిన్నెలో రెండంగుళాల ఎత్తున కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు కాగనిచ్చి, లోపల ఒక చిన్న ముక్కాలి మీద పళ్ళెం పెట్టి, సన్నటి సెగ మీద ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు ఉంచితే చాలు. బొగ్గుల కుంపటి రోజుల్లో కేకులు చేసిన ఇల్లాళ్ళు కింద ఇసుక, పైన మూత మీద నిప్పులు పెట్టి ఇలాగే కాల్చేవాళ్ళు. మా ఇంట్లో ఓవెన్ ఉంది. కరెంటు పోయినప్పుడు పెన్న ఇసుక కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త. మైదా బిస్కట్టు ఎర్రబడితే కాలినట్టు గుర్తు. గోధుమ బిస్కట్టు పచ్చిగా ఉన్నప్పుడే ఎర్రగా ఉంటుంది, అందుకని రంగుని నమ్మడానికి లేదు. వాసనని నమ్మాలి. వేపిన గోధుమల వాసన గది గడప దాటి వసారాలోకి వచ్చిందంటే దించెయ్యవచ్చు. అప్పటికింకా మెత్తగానే ఉంటాయి. కంగారుపడి మళ్ళీ కాల్చవద్దు, చల్లారితే గట్టిపడతాయి.

సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళకి ఇంకో మాట. ఇక్కడ ఏ బిస్కట్టయినా సాయంత్రానికి మెత్తబడుతుంది. కార్తీకపు వానల్లో అయితే గంట చాలు. పూర్తిగా చల్లారాకే బిగుతుమూత డబ్బాలో పెట్టాలి. మెత్తబడితే అయిదు నిమిషాలు మళ్ళీ వేడిచేసి చల్లార్చితే కరకర తిరిగి వస్తుంది. పిండి కూడా ఎక్కువ నిలవపెట్టకూడదు. మొలకలో ఉండే నూనె వల్ల గోధుమపిండి మైదా కన్న త్వరగా చేదెక్కుతుంది. మా ఎండల్లో అయితే మరీను. పదిహేను రోజులకి సరిపడా మాత్రమే ఆడించుకుంటే మేలు.

ఇంతా చేసి, ఇది షుగరు ఉన్నవాళ్ళకి మందా? కాదు. ఈ ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. పైన చెప్పిన కొలతని నేను కాగితం మీద లెక్క కట్టాను. పిండి, నెయ్యి, బెల్లం కలిసి సుమారు 2,300 కేలరీలు. నలభైకి పంచితే ఒక్కో బిస్కట్టుకి 57 దాకా. అదే మైదాతో చేస్తే 59! తేడా రెండు. పీచు మాత్రం మైదా బిస్కట్టులో ఉన్నదానికి నాలుగు రెట్లు. అయినా బిస్కట్టు ఒక్కింటికి ముప్పావు గ్రాము కూడా కాదు. కడుపుకి పీచు కావాలంటే గోరుచిక్కుడు కూరలో అంతకంటే ఎక్కువ దొరుకుతుంది. బెల్లం కూడా రక్తంలోకి వెళ్ళాక చక్కెరే. పిండి మారినంత మాత్రాన బిస్కట్టు పథ్యం కాదు. "గోధుమదేగదా" అని ఎనిమిది తింటే, మైదావి రెండు తిన్నవాడే మనకంటే నయం.

అంగడి బిస్కట్ల విషయంలోనూ ఇదే వివేకం కావాలి. పెట్టె ముందు భాగాన గోధుమకంకి బొమ్మా, ఆరోగ్యం మాటా ఉంటాయి. వెనకవైపు సన్న అక్షరాలు చదవాలి. ఏ సరుకు తూకంలో ఎక్కువో దాన్ని ముందు రాయాలన్నది నియమం. మొదటి మాట శుద్ధిచేసిన గోధుమపిండి అని ఉంటే అది మైదా అన్న మాటే. గోధుమపిండి, పీచు వగైరాలు కింద ఎక్కడో నూటికి ఇంత అని కనిపిస్తాయి. గోధుమరంగు ఉన్నదల్లా గోధుమ కాదు. మాడ్చిన చక్కెరతోనూ ఆ రంగు వస్తుంది.

మరి లాభం అంతంతమాత్రమైతే ఈ శ్రమంతా దేనికి అని మీరడగవచ్చు. రెండు కారణాలు.

మొదటిది, రుచి. పొట్టు ఉన్న బిస్కట్టు నమలవలసి వస్తుంది. నమిలినకొద్దీ గోధుమ రుచి తెలుస్తుంది. మైదా బిస్కట్టు నోట్లో కరిగి జారిపోతుంది, అందుకే చెయ్యి మళ్ళీ డబ్బాలోకి పోతుంది. ఇది రెండోదానితో మనసు నిండుతుంది. మా పిల్లలు మొదట్లో "ఇది పాతకాలపు బిస్కట్టు" అని వెక్కిరించారు. ఇప్పుడు పరీక్షల రోజుల్లో ఇవే అడుగుతున్నారు. మలై కాజాని మాత్రం గోధుమపిండితో చెయ్యమని నేనెన్నడూ చెప్పను. దాని పొరలు మైదా జిగురుతోనే నిలుస్తాయి. పైగా నాకింకా నెల్లూరు జిల్లాలో కాపురం చెయ్యాలని ఉంది. ఒకదానికి బదులు ఇంకొకటి అనుకుంటే గోధుమపిండి ఎప్పుడూ ఓడిపోతుంది. దాన్ని దానిలాగే చూస్తే, దాని మర్యాద దానికుంది.

రెండో కారణం అత్తయ్య. బిస్కట్లు చేసిన మొదటి వారమే డాక్టరుగారిని అడిగాను. కాఫీలో చక్కెర లేనప్పుడు, చిన్నవి రెండు తింటే, ఆ పూట అన్నంలో ఒక గరిటె తగ్గిస్తే ఫరవాలేదన్నారు. మూడు నెలలకోసారి చేయించే పరీక్ష ఎలాగూ ఉంది, అది అబద్ధం చెప్పదు. ఈ లెక్క అత్తయ్యకి ఒక్కసారే చెప్పాను. మళ్ళీ చెప్పే అవసరం కలగలేదు. రెండు తీసుకొని, డబ్బా పిల్లల వైపు తనే జరుపుతుంది. మూడోది ఇవ్వబోతే "నా వంతు అయిపోయింది లేమ్మా" అంటుంది. వేరే డబ్బా ఇచ్చినప్పుడు ఒక్కటీ ముట్టని మనిషి, అందరి డబ్బాలోంచి రెండు తీసుకొని ఆగగలుగుతోంది. మావారు తెచ్చిన ఆ ఖరీదైన పెట్టె ఏమయిందని మీకు సందేహం రావచ్చు. దాన్ని ఆయనే కాఫీతో పూర్తిచేశారు.

ఇప్పుడు గోధుమలు ఏరడం, ఎండబెట్టడం, మరకి పంపడం అంతా అత్తయ్య పెత్తనమే. మరవాడికి "మరీ మెత్తగా పట్టబాకయ్యా, గింజ వాసన పోతుంది" అని చెప్పి పంపుతుంది. మొన్న పక్కింటి కొత్తకోడలు నా దగ్గర ఈ కొలత రాసుకొని వెళ్ళి, అలవాటుకొద్దీ పిండిని సన్నజల్లెడ పట్టబోయిందట. అత్తయ్య ప్రహరీగోడ మీదుగా చూసి కేకేసింది: "ఒసే అమ్మాయ్, ఆ పొట్టు పారేసేదానికైతే మైదానే కొనుక్కోరాదా? అంత తిప్పలు దేనికి?"

మా ఇంట్లో సన్నజల్లెడ మేకుకి తగిలించి ఉంది. బెల్లం పొడికి తప్ప కిందికి దిగడం లేదు.